ఆదినారాయణ స్వయంభూ తోట

ఆదినారాయణకు పూలంటే ప్రాణం. పనంటే ప్రాణసంకటం. ఈ రెండూ ఒకే ఒంట్లో కాపురం పెట్టడం వల్ల వచ్చిన తిప్పలే ఇదంతా.

అతను భద్రాచలంలో గిరిజన సంక్షేమ ఆఫీసులో అటెండరు. ఇల్లేమో పర్ణశాల పోయే రోడ్డు పక్కన, గోదావరికి దగ్గర్లో ఉన్న చిన్న కోయ ఊళ్లో. పొద్దున్నే బస్సెక్కి ఆఫీసుకు పోవడం, ఫైళ్లను ఒక టేబుల్ మీది నుంచి ఇంకో టేబుల్ మీదికి మార్చడం, సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావడం. ఫైళ్లకు తొందర లేదు, ఆఫీసరుకు తొందర లేదు, ఆదినారాయణకు అసలే లేదు.

తొలకరి పడిందంటే మాత్రం ఇంట్లో అతనికి నరకం మొదలయ్యేది. వాకిలి తవ్వాలి, బంతి, జడబంతి, బొగడబంతి నారు కొని తేవాలి, మొక్క మొక్కకీ గుంట తీసి నాటాలి, వానలు ముఖం చాటేస్తే నీళ్లు మోయాలి. ఇంత చేస్తే దసరాకు పూస్తాయి. కార్తీకం దాటగానే ఎండుతాయి. అతని భార్య శారద వాటిని వేళ్లతో సహా పీకి, కుప్ప పోసి, అగ్గి పెట్టి, బూడిద పెంటలో పోసేది. మళ్లీ తొలకరికి కథ మొదటికి.

"పెండ్లి చేసుకున్నోడు ఏటేటా మళ్లా పెండ్లి చేసుకోవాలంటే ఎట్లుంటది? గట్లనే ఉంది నా బతుకు" అనేవాడు ఆదినారాయణ, పార పట్టుకుని.

"ఒక్కపాలి చేసుకున్నందుకే నాకు చాలైంది. జల్దీ తవ్వు" అనేది శారద.

శారద ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. పొద్దున పిల్లల ముక్కులు తుడవడంతో మొదలైన ఆమె శుభ్రత సాయంత్రం వాకిట్లో పుల్ల కూడా మిగలనివ్వకుండా ఊడ్చేదాకా ఆగదు. ఆకు రాలితే నేలను తాకకముందే చీపురు ఎదురెళ్తుందని ఆదినారాయణ ఆఫీసులో చెప్పుకుని బాధపడేవాడు.

అలాంటి మనిషికి ఆఫీసు వెనక నీళ్ల ట్యాంకు దగ్గర జ్ఞానోదయం అయింది. బీడీ కోసం అటు పోతే, పంపు కారి నేల తడిసిన చోట సీతమ్మ జడబంతులు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఎర్ర ముఖమల్ గుడ్డను మడతలు పెట్టి కుట్టినట్టున్న పూలు. వాచ్‌మన్ గోపాలు అక్కడే మంచం వాల్చుకుని పడుకున్నాడు.

"గోపాలూ, ఇయ్యి ఎవరు నాటిండ్రు?"

"ఎవ్వలు నాటలే."

"మరెట్లొచ్చినయ్?"

"పోయినేడువి ఎండినయ్. పీకుదామంటే నడుం పట్టేసింది. ఊకున్న. గింజలు రాలినయ్, వానకు మొలిచినయ్." గోపాలు అటు తిరిగి పడుకున్నాడు.

ఆదినారాయణ బీడీ ఆరిపోయినా అలాగే నిలబడ్డాడు. నడుం నొప్పి వల్ల ఇంత మేలు జరుగుతుందని ఇన్నేళ్లూ తనకు ఎవరూ చెప్పలేదు. ఒక్కసారి నాటితే చాలు. ఆ తర్వాత చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడమే. ఆ విద్యలో తనను మించినవాడు ఆఫీసులోనే లేడు.

ఆ ఏడు కార్తీకంలో ఇంట్లో ప్రకటన చేశాడు. "వాకిట్ల ఒక్క మొక్క పీకద్దు. ఎండనీ. గింజ రాలాలె."

"ఇది ఇల్లా, పెంటకుప్పా?" అంది శారద.

పెద్ద గొడవే అయింది. చివరికి శారద ముగ్గుపిండి తెచ్చి వాకిలికి అడ్డంగా ఒక గీత గీసింది. గడప వైపు ఆమె రాజ్యం, రోడ్డు వైపు అతని రాజ్యం. గీత ఇవతల చీపురు తిరుగుతుంది, అవతల తిరగదు. అవతల నుంచి ఎండాకు ఎగిరి వస్తే మాత్రం ఆదినారాయణే వచ్చి ఏరుకుపోవాలి.

మొక్కలు ఎండాయి. జడబంతులు తుప్పు రంగుకు తిరిగాయి. బంతులు నల్లగా ముడుచుకున్నాయి. బొగడబంతులు ఎండు గడ్డి రంగులోకి మారి గలగలలాడాయి. ఇక శారద పోరు తీరిందనుకుంటే, ఆదినారాయణ తల్లి జంపక్క కోళ్లు దిగాయి. జడబంతి గింజ ఆవగింజ కంటే చిన్నది, నల్లగా మిలమిలలాడుతుంది. అది రాలిందో లేదో కోడికి కబురందేది.

"అవ్వా, కోళ్లను కట్టెయ్యవే."

"కోడిని కట్టేస్తరారా ఎవరన్నా? నీ పువ్వును కట్టేసుకో" అంది జంపక్క. పూలు కూరకు పనికిరావు, గుడ్డు పెట్టవు, వాటి మీద ఆమెకు గౌరవం లేదు.

ఆదినారాయణ రేగుకంప కొట్టుకొచ్చి తన రాజ్యం మొత్తం కప్పాడు. ఒళ్లంతా గీరుకుపోయింది. పని తప్పించుకోవడానికి అతను జీవితంలో చేసిన అతి పెద్ద పని అదే. ఎండిన మొక్కలు, పైన కంప చూసి, శారద మేనమామ ఒకాయన గేటు దగ్గరే ఆగిపోయి, గొంతు తగ్గించి "ఎవరు పోయిండ్రు బిడ్డా?" అని అడిగాడు. శారద గుడ్లురిమి భర్త వైపు చూసింది. ఆదినారాయణ ఆ రోజు అన్నం పెట్టమని అడగలేదు, తానే వడ్డించుకున్నాడు.

తొలకరి పడింది. కంప తీసి చూస్తే నేలంతా పచ్చని చుక్కలు. ఆదినారాయణకు కళ్లనీళ్లు తిరిగాయి. అయితే వచ్చిన చిక్కేమిటంటే, మొలిచినవాటిలో ఏది పువ్వో ఏది గడ్డో అతనికి తెలియదు. నాటినప్పుడు నారు చూశాడు గానీ, విత్తనం నుంచి తల ఎత్తిన రెండాకుల పసిమొక్కను ఎప్పుడూ ఎరగడు. తప్పు పీకుతానేమోనని దేన్నీ ముట్టుకోలేదు. గోడ పక్కన ఒకటి మాత్రం మిగతావాటిని తోసుకుంటూ ఏపుగా పెరిగింది. ఆకులు చీలికలు చీలికలుగా ఎంతో అందంగా ఉన్నాయి. బంతే అనుకున్నాడు. దానికి పుల్ల ఊతం పెట్టాడు, ఆఫీసు నుంచి రాగానే ముందు దాన్నే పలకరించేవాడు. అది తెల్లగా, సన్నగా పూసినప్పుడు జంపక్క వచ్చి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"వయ్యారిభామరా అది! ముట్టుకుంటే దురద. దానికి ఊతకర్ర పెట్టినవా?"

"అవ్, నాకు తెలుసు. ఊకె చూద్దామని" అన్నాడు ఆదినారాయణ, చేతులు గోక్కుంటూ.

ఆ తర్వాత తెలివి తెచ్చుకున్నాడు. ఆకు నలిపి వాసన చూస్తే బంతి బయటపడేది. కాడ ఎర్రగా ఉంటే జడబంతి. ఒత్తుగా ఉన్నచోట కొన్ని తీసేస్తేనే మిగిలినవి బతుకుతాయని, తీయని చోట అన్నీ పీచుల్లా తయారయ్యాక అర్థమైంది. దసరా నాటికి వాకిలి ఎర్రగా, పచ్చగా, ఊదాగా విరగబూసింది. వరసా వాయీ లేదు, ఎక్కడ పడితే అక్కడ. గీత దాటి గడప మెట్టు పగుల్లో కూడా ఒక జడబంతి లేచింది. శారద దాని చుట్టూ ఊడ్చింది గానీ దాన్ని పీకలేదు. ఆదినారాయణ అది చూశాడు, చూడనట్టు నటించాడు.

కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, వచ్చేపోయే వాళ్లతో ఒకటే మాట. "నేనేం చెయ్యలే. ఎవ్వలు నాటలే. వాటంతటవే మొలిచినయ్."

ఆ మాటను తమ్ముడు వీరబాబు పట్టుకున్నాడు. వీరబాబుది ఆటో. భద్రాచలంలో రాముడి దర్శనం చేసుకున్న యాత్రికుల్ని ఎక్కించుకుని పర్ణశాల చూపించి తీసుకుపోవడం అతని బతుకుతెరువు. దారి పొడుగునా కథలు చెప్పడం అతని ఆనందం. కథ అయిపోయినా దారి మిగిలితే కొత్తది పుట్టించేవాడు.

ఒక రోజు గుడివాడ వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు ఆదినారాయణ ఇంటి ముందు ఆటో ఆపించాడు. "ఏం బాబూ, ఈ పూలన్నీ ఎవరు వేశారు?"

"ఎవ్వరు ఎయ్యలేదండీ. వాటంతటవే మొలిచినయ్" అన్నాడు వీరబాబు. అంతవరకు నిజమే.

"ఒక్కటి కూడా నాటలేదా?"

"ఒక్కటి లేదండీ." అదీ నిజమే. కానీ పెద్దాయన కళ్లు అంతంత చేసుకుని చూస్తుంటే వీరబాబుకు నోరు ఆగలేదు. "సీతమ్మ తల్లి గోదాట్ల తానం చేసి గీ దారినే పర్ణశాలకు పోయేదంట. గీడ నిలబడి తడి జడ దులుపుకుంది. జడల పూలు రాలినయ్. గప్పటి సంది గీడ ఎవ్వరు నాటకుండనే మొలుస్తయ్. పేరు సుత గందుకే సీతమ్మ జడ."

పెద్దాయన ఆటో దిగి, చెప్పులు విడిచి, రెండు చేతులూ ఎత్తి మొక్కాడు. "స్వయంభూ!" అన్నాడు.

వీరబాబు ఆ మాట వినడం అదే మొదటిసారి. అతనికి తెగ నచ్చింది. తర్వాతి ట్రిప్పు నుంచి "స్వయంభూ తోట" అని ముందే చెప్పడం మొదలుపెట్టాడు. వారం తిరిగేసరికి మిగతా ఆటోలూ ఆగడం మొదలైంది. కార్తీకమాసం వచ్చేసరికి కార్లు, ఒకటి రెండు టూరిస్టు బస్సులు కూడా.

మొదట్లో ఆదినారాయణకు గాల్లో తేలినట్టుంది. కుర్చీలో కూర్చుంటే జనం వచ్చి దండాలు పెడుతున్నారు. ఆఫీసులో పాతికేళ్లుగా తనే అందరికీ పెట్టాడు. జంపక్క అయితే ఒక్క రోజులో ఆ కొలువుకు అలవాటుపడిపోయింది. ఎవరో ఒకావిడ కాళ్ల మీద పడితే తల నిమిరి కోయభాషలో ఏదో అంది. ఆవిడ పరవశించిపోయి, "అమ్మ ఏమని దీవించారు?" అని వీరబాబును అడిగింది.

"మీ వంశం సల్లగుండాలె అన్నది" అన్నాడు వీరబాబు.

జంపక్క అన్నది, "లేవే తల్లీ, నీ మోకాలి కింద కోడిపిల్ల ఉంది" అని.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది ఎదురింటి ముత్తక్క. ఆటో దిగిన మగవాళ్లంతా ముందు పూలకు దండం పెట్టేవాళ్లు, తర్వాత రోడ్డు దాటి ఆమె దడి వైపు తిరిగి నిలబడేవాళ్లు. "మీకు దండాలు, నాకు గిదా?" అని ముత్తక్క రోజూ రోడ్డు మీదికొచ్చి తిట్టేది.

పూలు చూసినవాళ్లు ఊరికే పోతారా? తలా ఒకటి కోసుకుపోయేవాళ్లు. ఒకటి దేవుడి పటానికి, ఒకటి పక్కింటావిడకు, ఒకటి మోకాళ్ల నొప్పికి. ఆదినారాయణ కొన్నాళ్లు పట్టించుకోలేదు. ఒక సాయంత్రం తోటలోకి దిగి చూస్తే అన్నీ తలల్లేని కాడలు. ఎండి గింజ కట్టాల్సిన పువ్వు ఒక్కటీ లేదు. చిన్న మొగ్గల్ని కూడా గిల్లుకుపోయారు. పువ్వు మొక్క మీదే వాడిపోవాలి, వాడి ఎండాలి, అప్పుడే గింజ. ఇంత భక్తితో కోస్తే వచ్చే ఏడు మిగిలేది వయ్యారిభామే.

మర్నాడు సెలవు పెట్టి వాకిట్లో నిలబడ్డాడు. వచ్చినవాళ్లకు నిజం చెప్పాడు. "అయ్యా, గిది మహిమ కాదు. పోయినేడు నేను బద్ధకానికి పీకలే. గింజలు రాలినయ్, వానకు మొలిచినయ్. గంతే."

విన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎంత నిగర్వి!" అంది ఒకావిడ. ఆమె భర్త వంగి ఆదినారాయణ పాదాలు ముట్టుకుని, లేస్తూ లేస్తూ రెండు బంతిపూలు తెంపుకున్నాడు.

ఆదినారాయణ తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. "నీ కథతోని నా తోట బోడిగుండైందిరా."

"కథ నాది గాని భక్తి వాళ్లది అన్నా. నన్నేం చెయ్యమంటవ్? అబద్ధమని చెప్పాల్నా? ఇగ నా ఆటో ఎవరెక్కుతరు?"

అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు. ఆదినారాయణ దడి కట్టాడు, జనం దడి మీది నుంచి వంగి కోశారు. బోర్డు రాయించి పెట్టాడు, బోర్డుకు బొట్టు పెట్టారు.

ఒక రోజు శారద అంగన్‌వాడీ నుంచి తొందరగా వచ్చింది. పిల్లల అల్లరితో తల పగిలిపోతోంది. వాకిట్లో బస్సు దిగిన గుంపు. వాళ్లలో ఒక లావుపాటావిడ, గడప మెట్టు పగుల్లో లేచిన జడబంతిని రెండు చేతులతో పట్టుకుని, కాలు మెట్టుకు తన్నిపెట్టి గుంజుతోంది.

"ఓ అమ్మా! గదేంది?"

"సీతమ్మ జడమ్మా. వేళ్లతో సహా తీసుకుపోయి మా ఇంట్లో పెట్టుకుంటా" అంది ఆవిడ, ఆయాసపడుతూ.

శారదకు ఎక్కడ లేని కోపం వచ్చింది. మూలనున్న చీపురు చేతికి ఎప్పుడొచ్చిందో ఆమెకే తెలియదు. "సీతమ్మ జడనా? సీతమ్మ జడే అయితే గట్ల కాలు తన్నిపెట్టి గుంజుతవా? రావణాసురుడు సుత గంత పని చెయ్యలే! ఎత్తుకపోయిండు గాని జడ పీకలే! నీ జడ పట్టి నేను గుంజాల్నా ఇప్పుడు? గుంజాల్నా?"

గుంపు వెనకాల పురాణాలు తెలిసిన ఒకాయన, రావణుడు సీతను జుట్టు పట్టి ఎత్తుకెళ్లాడనే పాఠం కూడా ఉందని చెప్పడానికి నోరు తెరిచి, చీపురు చూసి మూసేశాడు. లావుపాటావిడ ముఖం పాలిపోయింది. చేతులు వదిలేసి చెంపలు వాయించుకుంది. చుట్టూ ఉన్నవాళ్లూ వాయించుకున్నారు. కోసిన పూలు చేతుల్లో ఉన్నవాళ్లు వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక మొక్కల మొదట్లో పరిచి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బస్సెక్కారు.

ఆదినారాయణ తలుపు చాటు నుంచి అంతా చూశాడు. పెళ్లై ఇన్నేళ్లలో ఆ చీపురును అంత ప్రేమగా చూడటం అదే మొదటిసారి.

సాయంత్రానికల్లా కబురు వీరబాబుకు చేరింది. మర్నాడు అతని కథలో తోక పెరిగింది. "చూడాలె గాని ముట్టద్దండీ. ముట్టినోళ్ల ఇంట్ల ఆడోళ్ల జుట్టు ఊడుతది." పూల మీద చెయ్యి వేసినవాడు లేడు. ఆటోలో ఎక్కిన ఆడవాళ్లయితే మొగుళ్ల చేతులు జేబుల్లో పెట్టించేవాళ్లు. ఆ రాత్రి భోజనానికి శారద పిలిస్తే వీరబాబు వచ్చాడు. అన్న అతని కంచంలో చేప ముక్క వేశాడు. మాటలు దాంతో కలిశాయి.

చివరగా మిగిలిన మొగ్గలు పూశాయి, వాడాయి, ఎండాయి. ఆదినారాయణ ఎండు జడబంతిని అరచేతిలో దులిపితే నల్లటి గింజలు జలజలా రాలాయి. వాటిని కాగితంలో దాచుకోవాలని తోచింది గానీ, నాటే పని తగులుకుంటుందని నేల మీదే వదిలేశాడు.

తర్వాతి ఏడు తోట మోకాలెత్తు లేచి మొగ్గ తొడిగే వేళకు గోదావరి లేచింది. మైకులో చెప్పుకుంటూ జీపు వచ్చింది. జంపక్క కోళ్ల గంపతో, శారద బియ్యం మూటతో, ఆదినారాయణ టీవీతో ఎత్తు మీదున్న బడికి చేరారు. నీళ్లు తగ్గాక ఇంటికి వచ్చేసరికి వాకిలి మీద మందంగా ఒండ్రు. దాంట్లోంచి అక్కడక్కడ కుళ్లిన కాడల మొనలు.

ఆదినారాయణ చాలాసేపు నిలబడి చూశాడు. తను నాటలేదు, నీళ్లు పోయలేదు. పోయిందని ఏడవడానికి తనకేం హక్కుందో అతనికి అర్థం కాలేదు. అయినా వంగి ఒక కుళ్లిన కాడను ఒండ్రులోంచి లాగి చూశాడు. శారద వచ్చి పక్కన నిలబడింది. "నా నడుం ఇరిగినా సరే, ఇయ్యాల ఈ బురద ఎత్తాల్సిందే. పార తే" అంది మెల్లగా. అలా అనడం ఆమెకు తెలిసిన ఓదార్పు.

ఇద్దరూ కలిసి ఒండ్రు గోకారు. దాంతోపాటు పై మట్టీ లేచొచ్చింది. గంపలకెత్తి రోడ్డు దాటించి, ముత్తక్క దడి పక్క పల్లంలో పోశారు. ఆమెకూ అక్కడ గట్టు కావాలట, సంతోషంగా పోయించుకుంది.

వినాయక చవితి వెళ్లిన కొద్ది రోజులకు ముత్తక్క గట్టి గట్టిగా అరుస్తూ వచ్చింది. "ఓ ఆదినారాయణా! నీ తోట నా దడికాడ లేచింది. వచ్చి తోలుకపో!"

వెళ్లి చూస్తే మట్టికుప్ప నిండా ఎర్ర కాడల పసిమొక్కలు. ముందటేడు మొలవకుండా నేలలో మిగిలిపోయిన గింజలన్నీ ఒక్కసారిగా లేచినట్టున్నాయి. అతని వాకిలి మాత్రం గోకిన పలకలా ఉంది. ఆదినారాయణకు ముందు కడుపు మండింది. తర్వాత నవ్వొచ్చింది.

"నేను నాటలే కదా ముత్తక్కా. యాడ మొలవాలో వాటిష్టం. ఆటోలోళ్లు ఇగ నీ దడి దిక్కు తిరిగి నిలబడరు, దండం పెడతరు చూడు."

ముత్తక్క తిట్టడానికి నోరు తెరిచి, ఆ లాభం గురించి ఆలోచనలో పడింది.

కార్తీకానికి ఆమె దడి ఎర్రబడింది. యాత్రికులు అక్కడ దిగడం మొదలైంది. ఆదినారాయణ వాకిట్లో మాత్రం గేటు మూలన, ఒండ్రు సరిగా గోకని చోట, ఎవరూ ఎరగని మొక్క ఒకటి లేచింది. సన్నటి ఆకులు, లేత పసుపు పూలు, నడుమ గోధుమరంగు చుక్క. జంపక్క కూడా పేరు చెప్పలేకపోయింది. ఎగువన ఏ ఊళ్లో ఎవరి పెరట్లో రాలిన గింజో గోదావరి మోసుకొచ్చి ఇక్కడ దించింది. ఆ ఇల్లు మునిగిందో, తేలిందో. ఆదినారాయణ రోజూ ఆఫీసుకు పోయేముందు దాని దగ్గర కాసేపు గొంతుక్కూర్చునేవాడు.

ఒకరోజు వీరబాబు ఆటో ఆపి తొంగి చూశాడు. వెనక సీట్లో కిక్కిరిసి యాత్రికులు. "అన్నా, గిదేం పువ్వు? గీళ్లకేం చెప్పాలె?"

"ఏం చెప్పకు. ఎవరింటి పువ్వో గిటు కొట్టుకొచ్చిందని చెప్పు. గంతే."

"సరే అన్నా" అన్నాడు వీరబాబు బుద్ధిగా. ఆటో కదిలింది. ముత్తక్క ఇల్లు దాటక ముందే అతని గొంతు వినిపించింది. "గప్పుడు లక్ష్మణస్వామి ఏం చేసిండంటే..."

ఆదినారాయణ ఒక కాలికే చెప్పుతో ఆటో వెంట పరుగెత్తాడు.